ఎర్రర్ ఒక కంప్యూటర్లో, మార్పు ఇంకో కంప్యూటర్లో: ఒక ల్యాబ్ ప్రింటర్ కేసు

చిన్న ఆఫీసులు, క్లినిక్కుల్లో కంప్యూటర్లు చూసుకోవడం నా పని. 2021 సెప్టెంబరులో విండోస్ అప్‌డేట్ వచ్చాక షేరింగ్‌లో ఉన్న ప్రింటర్లు పనిచేయడం లేదని నాకు వరసగా ఫోన్లు వచ్చాయి. వాటిలో ఈ ఒక్క కేసు రాసి పెడుతున్నాను. ఇందులో నేను మొదట వేరే కంప్యూటర్ మీద సగం రోజు పోగొట్టాను. అసలు కంప్యూటర్ దొరికాక దానికి చేయకూడని పని చేశాను. ఆ రెండూ ఎందుకు జరిగాయో తెలిస్తే ఇంకొకరికి ఆ సమయం మిగులుతుంది. ఊరి పేరు, ల్యాబ్ పేరు, ప్రింటర్ కంపెనీ పేరు రాయడం లేదు.

ల్యాబ్‌లో ఏర్పాటు

గోదావరి జిల్లాల్లో ఒక పట్టణం, అక్కడ రక్తపరీక్షలు చేసే చిన్న ల్యాబ్. నాలుగు కంప్యూటర్లకు కలిపి ఒకే లేజర్ ప్రింటర్. అది రిసెప్షన్ కంప్యూటర్‌కి యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి ఉంది. మిగతా మూడూ దాన్ని షేరింగ్‌లో వాడుకుంటాయి. సర్వర్ లేదు. ఒక రౌటర్, ఒక వర్క్‌గ్రూప్. మన ఊళ్లలో చాలా ఆఫీసుల్లో ఇదే ఏర్పాటు.

రెండో కంప్యూటర్ రిపోర్టులు టైపు చేసే గదిలో, మూడోది డాక్టరమ్మ గారి గదిలో ఉన్నాయి. రిసెప్షన్‌తో కలిపి ఈ మూడూ విండోస్ 10. నాలుగోది బయోకెమిస్ట్రీ ఎనలైజర్ పక్కన ఉండే పాత విండోస్ 7 కంప్యూటర్. ఎనలైజర్ సాఫ్ట్‌వేర్ దాని మీదే నడుస్తుంది కాబట్టి మార్చడానికి వీల్లేదు. విండోస్ 7కి ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. ఈ తేదీతో తర్వాత పని పడుతుంది.

ఫోన్ వచ్చిన రోజు

వినాయక చవితి వెళ్లిన వారం, సెప్టెంబరు 16, గురువారం. వానలు, జ్వరాలు. ప్లేట్‌లెట్ల రిపోర్టు కోసం జనం మెట్ల మీద దాకా కూర్చున్నారు. రిసెప్షన్‌లో ఉండే అమ్మాయి ఫోన్ చేసింది. "సార్, ప్రింటర్ బాగానే ఉందండి, నా దగ్గర్నుంచి ఇస్తే వస్తోంది. లోపల రూముల్లోంచి ఇస్తే మాత్రం రావట్లేదండి."

ఆ ఒక్క మాటలో సగం జవాబు ఉంది. ప్రింటర్, టోనర్, యూఎస్‌బీ కేబుల్, రిసెప్షన్‌లో ఉన్న డ్రైవర్ (ప్రింటర్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్), ఇవన్నీ బాగానే ఉన్నాయని ఆ అమ్మాయి చెప్పేసింది. నేను దాన్ని అలా వినలేదు. "లోపల రూముల్లో డ్రైవర్ పోయినట్టుంది" అనుకున్నాను.

నేను వెళ్లేలోపే పక్క షాపు కుర్రాడొకడు టైపింగ్ గదిలో ప్రింటర్‌ని డిలీట్ చేసి మళ్లీ జోడించబోయాడు. జోడవ్వలేదు. ప్రింటర్‌కి కనెక్ట్ కాలేకపోతున్నాను, 0ఎక్స్0000011బి ఎర్రర్‌తో ఆపరేషన్ ఆగిపోయింది అని విండోస్ చెప్పింది. డాక్టరమ్మ గారి గదిలోనూ, విండోస్ 7లోనూ ఎవరూ ఏమీ ముట్టుకోలేదు, అయినా అక్కడా ప్రింట్ రావడం లేదు. మూడు కంప్యూటర్లలో మూడు డ్రైవర్లు ఒకే రాత్రి పాడవవు. అక్కడే ఆగి ఆలోచించాల్సింది.

ముందు రిపోర్టులు కదలాలి

వెళ్లగానే చేసిన మొదటి పని మాత్రం సరైనదే. రిపేరు మొదలుపెట్టకముందే రిపోర్టులు బయటికి వచ్చే దారి చూశాం. టైపింగ్ గదిలో రిపోర్టును పీడీఎఫ్‌గా సేవ్ చేసి రిసెప్షన్‌లోని షేర్డ్ ఫోల్డర్‌లో వేయడం, రిసెప్షన్ అమ్మాయి అక్కడి నుంచి ప్రింట్ ఇవ్వడం. ఎనలైజర్ విలువల్ని టెక్నీషియన్ గారు చీటీ మీద రాసిస్తే టైపింగ్ గదిలో ఎక్కించారు. పని నెమ్మదిగా సాగింది కానీ ఆగలేదు. దీనివల్ల నాకు టెన్షన్ తగ్గింది. టెన్షన్‌లో ఉన్నవాడు చేతికి దొరికిన మొదటి ఉపాయాన్నే వాడేస్తాడు.

ఇదే ఇంకో సంగతి కూడా చెప్పింది. షేర్డ్ ఫోల్డర్ తెరుచుకుంటోందంటే కేబుళ్లు, పేరు, పాస్‌వర్డ్, ఫైల్ షేరింగ్‌కి కావాల్సిన ఫైర్‌వాల్ దారి బాగున్నట్టే. పాడైంది ప్రింటింగ్ ఒక్కటే.

పని చేయనివి

టైపింగ్ గది కంప్యూటర్లో స్పూలర్ (ప్రింట్ పనుల్ని వరసలో పెట్టి ప్రింటర్‌కి పంపే విండోస్ సర్వీసు) ఆపి, క్యూ ఫోల్డర్ ఖాళీ చేసి, మళ్లీ నడిపించాను. ఫలితం లేదు. తర్వాత ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి డ్రైవర్ ప్యాకేజీని పూర్తిగా తీసేశాను, శుభ్రంగా మొదలుపెడదామని. మళ్లీ అదే 11బి.

ఆ పని చేయకుండా ఉండాల్సింది. 2021 ఆగస్టు 10 నాటి అప్‌డేట్‌తో విండోస్ ఒక నియమం మార్చింది. వేరే కంప్యూటర్ నుంచి ప్రింటర్ డ్రైవర్ తెచ్చుకోవాలంటే ఇక అడ్మినిస్ట్రేటర్ అయి ఉండాలి. ఆ జూన్, జూలైల్లో ప్రింట్‌నైట్‌మేర్ పేరుతో బయటపడిన స్పూలర్ లోపం తర్వాత తీసుకున్న జాగ్రత్త అది. టైపింగ్ గది ఖాతాకి అడ్మిన్ హక్కు లేదు. అడ్మిన్ పాస్‌వర్డ్ హైదరాబాద్‌లో ఉన్న డాక్టరమ్మ గారి మేనల్లుడికే తెలుసు, నేను చేసిన ఈ పనులకి కూడా ఆయన్ని ఫోన్‌లో అడగాల్సి వచ్చింది. అక్కడ ఉన్న మంచి డ్రైవర్‌ని నా చేత్తో నేనే తీసేశాను. ఆ కంప్యూటర్ అప్‌డేట్ అయ్యాక దాన్ని మామూలుగా వెనక్కి తెచ్చుకునే దారి కూడా ఉండదన్నమాట.

ఇక అప్‌డేట్ హిస్టరీ చూశాను. ఇదీ టైపింగ్ గదిలోనే. చివరి అప్‌డేట్ 2020 నవంబరుది. సీ డ్రైవ్ నిండిపోయి ఆ తర్వాతివన్నీ విఫలమయ్యాయి. "అయితే అప్‌డేట్ వల్ల కాదు" అని మనసులో కొట్టేశాను. ఇది రెండో పొరపాటు. ఎర్రర్ కనపడిన కంప్యూటర్లోనే కారణం కూడా ఉంటుందని అనుకున్నాను.

మధ్యాహ్నం టీ తాగుతూ రిసెప్షన్ అమ్మాయిని అడిగాను, "నిన్నటికీ ఇవాళ్టికీ నీ కంప్యూటర్లో ఏమైనా తేడా వచ్చిందామ్మా?" అని. "ఏమీ లేదండి. పొద్దున ఆన్ చేస్తే అప్‌డేట్లు అవుతున్నాయి, ఆఫ్ చేయకండి అని పది నిమిషాలు తిరిగిందండి, అంతే." ఆ "అంతే"లోనే ఉంది అసలు సంగతి. రిసెప్షన్ కంప్యూటర్లో చూస్తే ఆ రాత్రే కేబీ5005565 ఎక్కింది. సెప్టెంబరు 14న విడుదలైన నెలవారీ అప్‌డేట్ అది.

సాయంత్రం దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేశాను. డాక్టరమ్మ గారి గది నుంచి, విండోస్ 7 నుంచి వెంటనే ప్రింట్ వచ్చింది. మేనల్లుడికి మళ్లీ ఫోన్ చేసి పాస్‌వర్డ్ తీసుకుని టైపింగ్ గదిలోనూ ప్రింటర్ జోడించాం. అందరూ ఊపిరి పీల్చుకున్నారు, నేనూ ఇంటికి వచ్చేశాను.

శనివారం ఉదయం ఏడున్నరకి మళ్లీ ఫోన్. అప్‌డేట్ తనంతట తాను తిరిగి ఎక్కేసింది.

తీసేయడం ఎందుకు తప్పు

గురువారం రాత్రి ఇంటికి వచ్చాక ఆ అప్‌డేట్‌లో ఏముందో చదివాను. ముందే చదివి ఉంటే తీసేవాణ్ణి కాదు. విండోస్ 10 నెలవారీ అప్‌డేట్ ఒక మూట. ప్రింటర్ ముక్క ఒక్కటే విడదీసి బయట పెట్టడం కుదరదు, మొత్తం మూట పోతుంది. ఆ నెల మూటలో సీవీఈ-2021-40444 అనే నంబరున్న సెక్యూరిటీ లోపానికి మరమ్మతు కూడా ఉంది. ఒక ఆఫీసు డాక్యుమెంట్ తెరిపించి కంప్యూటర్లోకి చొరబడే దారి అది, మరమ్మతు వచ్చేనాటికే దాన్ని దాడుల్లో వాడుతున్నారు. ఈ ల్యాబ్‌కి రోజూ మెయిల్‌లో ఎవరెవరో పంపే వర్డ్ ఫైళ్లు వస్తాయి, వాటిని తెరిచేది రిసెప్షన్ కంప్యూటర్లోనే. ప్రింట్ కోసం ఆ తలుపు రెండు రోజులు తెరిచిపెట్టాను.

ప్రింటర్ల సంగతికి వస్తే: ఒక కంప్యూటర్ ఇంకో కంప్యూటర్లోని స్పూలర్‌తో మాట్లాడేది ఆర్‌పీసీ అనే పద్ధతిలో. ఆ సంభాషణను పట్టుకుని మధ్యలో దూరే వీలుందని తేలి, సీవీఈ-2021-1678 పేరుతో 2021 జనవరి 12న దానికి మరమ్మతు ఇచ్చారు. కట్టుదిట్టంగా, ఎన్‌క్రిప్షన్‌తో మాట్లాడటం కంప్యూటర్లకు అప్పుడు నేర్పారు, కానీ తప్పనిసరి చేయలేదు. తప్పనిసరి చేసింది సెప్టెంబరు 14న. అంటే ఆ అప్‌డేట్ ఎక్కిన రాత్రి నుంచి రిసెప్షన్ కంప్యూటర్ "ఆ భాషలో మాట్లాడితేనే వింటాను" అంది. జనవరి తర్వాత ఒక్క అప్‌డేట్ కూడా ఎక్కని టైపింగ్ గదికి ఆ భాష రాదు. డాక్టరమ్మ గారి కంప్యూటర్లో అప్‌డేట్ సర్వీసునే ఎవరో ఆపేశారు, స్లో అవుతోందని. విండోస్ 7 సంగతి చెప్పనక్కర్లేదు, దానికి 2020లోనే చదువు ఆగిపోయింది.

ఈ లెక్క నిజమో కాదో శనివారం తేల్చుకున్నాను. అన్ని అప్‌డేట్లూ ఉన్న నా ల్యాప్‌టాప్‌ని అదే రౌటర్‌కి తగిలించి, అదే రిసెప్షన్ ప్రింటర్‌ని జోడించాను. 11బి రాలేదు, టెస్ట్ పేజీ వచ్చింది. రిసెప్షన్ పాడైపోలేదు, పాతవాటిని కాదంటోంది. ఈ పరీక్షకి పది నిమిషాలు పట్టింది. గురువారం ఉదయమే చేసి ఉంటే డ్రైవర్‌ని ముట్టుకునేవాణ్ణే కాదు.

రిజిస్ట్రీ ఉపాయం ఎందుకు వద్దన్నాను

అప్పటికి డాక్టరమ్మ గారికి ఎవరో ఒక వీడియో పంపారు. "రిజిస్ట్రీలో ఒక్క సున్నా పెడితే అయిపోతుందంటున్నారు కదా బాబూ, మనమెందుకు ఇంత కష్టపడటం?" అన్నారు. ఆవిడ అడిగింది న్యాయమే. రిజిస్ట్రీ అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు. రిసెప్షన్ కంప్యూటర్లో, అందులోని ప్రింట్ సెట్టింగుల కింద ఆర్‌పీసీ‌ఆథెన్‌లెవెల్‌ప్రైవసీఎనేబుల్డ్ అనే విలువను సున్నా చేసి స్పూలర్‌ని మళ్లీ నడిపిస్తే నిజంగానే పనిచేస్తుంది. అది తప్పనిసరి అన్న షరతును ఎత్తేస్తుంది, అంతే.

గోడ వైపు చూపించాను. రిసెప్షన్ గోడ మీద వైఫై పాస్‌వర్డ్ రాసి ఉంది, రిపోర్టు కోసం కూర్చునేవాళ్ల కోసం. అదే రౌటర్, అదే నెట్‌వర్క్. మధ్యలో ఎవరో దూరతారన్నది పెద్ద కంపెనీలకే ఉండే భయం కాదు, ఈ గదిలో రోజూ ఎంతోమంది తెలియనివాళ్లు ఆ మధ్యలోనే కూర్చుంటున్నారు. ఆవిడ కాసేపు ఆలోచించి, "రిపోర్టుల్లో జనం విషయాలుంటాయి, వద్దులెండి" అన్నారు. ఆదివారం ల్యాబ్ మధ్యాహ్నం మూసేస్తారు, ఆ సాయంత్రం నాకు ఇచ్చారు. అప్పటిదాకా పీడీఎఫ్ ఫోల్డర్ దారే.

ఇంకో వీడియోలో పాత డీఎల్ఎల్ ఫైలు (విండోస్ వాడుకునే ప్రోగ్రాం ముక్క) తెచ్చి సిస్టమ్32లో పెట్టమన్నారు. ఎక్కడి నుంచో వచ్చిన ఫైలును సిస్టమ్ ఫోల్డర్‌లో పెట్టడం గురించి చర్చే అక్కర్లేదు.

పని చేసింది

ముందు రెండు దారులు ఆలోచించాను. ఒకటి, విండోస్ 10 కంప్యూటర్లను అప్‌డేట్ చేసి షేరింగ్ అలాగే ఉంచడం. ఇది ఆ రెండింటికీ సరిపోతుంది, విండోస్ 7కి సరిపోదు. రెండోది, షేరింగ్‌నే మానేసి ప్రింటర్‌ని నేరుగా నెట్‌వర్క్‌లో పెట్టడం. ప్రింటర్‌ని వెనక్కి తిప్పి చూస్తే నెట్‌వర్క్ కేబుల్ పెట్టే చోటు ఉంది, కంపెనీ అంటించిన స్టిక్కర్ కింద. కొన్నప్పటి నుంచి ఎవరూ ఆ స్టిక్కర్ తీయలేదు.

రెండో దారే పట్టాను. నేరుగా పెడితే ఏ కంప్యూటరూ ఇంకో కంప్యూటర్ స్పూలర్‌తో మాట్లాడనక్కర్లేదు, 11బికి చోటే ఉండదు. రిసెప్షన్ కంప్యూటర్ ఆపేసి వెళ్లినా లోపల ప్రింట్ వస్తుంది. పైగా ఆ ఏడాది స్పూలర్ మీద నెలనెలా ఏదో ఒక బిగింపు వస్తూనే ఉంది. షేరింగ్ మీద ఆధారపడితే వచ్చే నెల ఇంకో ఎర్రర్‌తో మళ్లీ ఇక్కడికే వస్తాను.

రౌటర్లో నాలుగు చోట్లూ కంప్యూటర్లకే సరిపోయాయి కాబట్టి ఒక చిన్న స్విచ్, పొడవాటి కేబుల్ కొన్నాం. రెండూ కలిపి పదిహేను వందల లోపే. ప్రింటర్‌కి ఎప్పుడూ ఒకే నెట్‌వర్క్ అడ్రస్ ఇవ్వమని రౌటర్లో రిజర్వ్ చేశాను. ప్రతి కంప్యూటర్లోనూ ప్రింటర్‌ని విండోస్‌ని వెతకమనకుండా, స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్ట్ ఎంచుకుని ఆ అడ్రస్ నేనే ఇచ్చాను. విండోస్ తానే వెతికితే చాలాసార్లు డబ్ల్యూఎస్‌డీ (ప్రింటర్‌ని తానే కనిపెట్టే పద్ధతి) పోర్ట్ పెట్టేస్తుంది, తర్వాత ప్రింటర్ ఆన్‌లో ఉన్నా ఆఫ్‌లైన్ అంటుంటుంది. అదే కారణంతో పోర్ట్ సెట్టింగుల్లో ప్రింటర్ స్థితిని అడిగే ఎస్ఎన్ఎంపీ స్టేటస్ టిక్ కూడా తీసేశాను. డ్రైవర్ తయారీదారు సైట్ నుంచి దించినదే వేశాను. విండోస్ 7 కంప్యూటర్ 32 బిట్‌ది కాబట్టి దానికి వేరే డ్రైవర్. దానికి అడ్రస్ చేత్తో ఇచ్చి గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌కి దారి) గడి ఖాళీగా వదిలేశాను. అలా చేస్తే పక్కనున్న ప్రింటర్‌ని చేరుకుంటుంది, ఇంటర్నెట్‌లోకి మాత్రం వెళ్లలేదు.

ఇక్కడొక సంగతి దాచకూడదు. ఇలా నేరుగా పంపే ప్రింట్ కూడా నెట్‌వర్క్‌లో ఎన్‌క్రిప్షన్ లేకుండానే వెళ్తుంది. రిజిస్ట్రీ సున్నాని కాదని, ఇది చేసి ఊరుకుంటే నా వాదనకి అర్థం లేదు. అందుకే అదే సాయంత్రం రౌటర్లో గెస్ట్ వైఫై పెట్టి వచ్చినవాళ్లందర్నీ అటు మళ్లించాను, ల్యాబ్ పాస్‌వర్డ్ మార్చాను, గోడ మీద చీటీ మార్చాం. ప్రింటర్ పని కన్నా ఇదే ముఖ్యమైన పని అని నా నమ్మకం.

విండోస్ 10 అప్‌డేట్లు వేరే పనిగా చేశాను. టైపింగ్ గదిలో పాత స్కాన్‌లు బయటి హార్డ్‌డిస్క్‌కి మార్చి చోటు చేస్తే విండోస్ 10 అప్పటి కొత్త వెర్షన్ 21హెచ్1 ఎక్కింది. రాత్రి పదకొండయింది.

సోమవారం ఉదయం

టెస్ట్ పేజీలన్నీ బాగా వచ్చాయి కాబట్టి అయిపోయిందనుకున్నాను. తొమ్మిదిన్నరకి టెక్నీషియన్ గారు ఒక రిపోర్టు తెచ్చి చూపించారు. ల్యాబ్ పేరు ముందే అచ్చు వేయించిన లెటర్‌హెడ్ మీద వరసలన్నీ జరిగిపోయాయి, ప్లేట్‌లెట్ల వరస రెండో పేజీకి వెళ్లిపోయింది. కొత్త డ్రైవర్ డిఫాల్ట్‌గా లెటర్ సైజు పెట్టుకుంది. ఏ4 పొడవు 297 మిల్లీమీటర్లు, లెటర్ సుమారు 279. ఆ 18 మిల్లీమీటర్లలో రెండు మూడు వరసలు పోతాయి. ఆ సీజన్‌లో రోగి బంధువు ముందుగా వెతికేది ప్లేట్‌లెట్ల వరసే. మొదటి పేజీ ఒక్కటే పట్టుకుని ఎవరైనా ఆసుపత్రికి పరుగెత్తి ఉంటే?

నాలుగు కంప్యూటర్లలోనూ ఏ4 పెట్టి, ఒక్కో దాని నుంచి నిజమైన నమూనా రిపోర్టు లెటర్‌హెడ్ మీదే తీయించి, టెక్నీషియన్ గారి చేత చూపించుకున్నాకే వచ్చాను. అప్పటి నుంచి ఏ ప్రింటర్ పనికి వెళ్లినా విండోస్ టెస్ట్ పేజీతో ముగించను. కరెంటు ఆఫీసైతే బిల్లు, స్కూలైతే టీసీ, వాళ్లు రోజూ తీసే కాగితమే తీసి చూస్తాను.

నేను మార్చుకున్నవి

ఇప్పుడు అప్‌డేట్ తర్వాత ప్రింట్ రావట్లేదని ఎవరు ఫోన్ చేసినా డ్రైవర్ మాట ఎత్తను. ప్రింటర్ ఏ కంప్యూటర్‌కి తగిలించి ఉంది, అక్కడి నుంచి వస్తోందా, ఆ కంప్యూటర్ ఈమధ్య అప్‌డేట్ అయిందా, ఈ మూడే అడుగుతాను. అక్కడి నుంచి వచ్చి మిగతావాటి నుంచి రాకపోతే, ఎర్రర్ కనపడే చోట ఏదీ తీసేయకుండా ముందు ప్రింటర్ ఉన్న కంప్యూటర్‌నే చూస్తాను. అన్నీ అప్‌డేట్ అయిన ఒక ల్యాప్‌టాప్ ఇందుకే బ్యాగులో ఉంచుకుంటున్నాను. అప్‌డేట్ తీసేయక తప్పని రోజు వస్తే, ఆ మూటలో ఇంకేం ఉన్నాయో చదివాకే తీస్తాను, మళ్లీ ఎప్పుడు ఎక్కించాలో ఆ ఆఫీసువాళ్లకి రాసిచ్చి వస్తాను.

నా పరిష్కారంలోనూ ఒక లోటు ఉంది, అది డిసెంబరులో బయటపడింది. ఇంటర్నెట్ వాళ్లు రౌటర్ మార్చారు. అడ్రస్ రిజర్వ్ చేసింది రౌటర్లో కాబట్టి పాత రౌటర్‌తో పాటే అదీ పోయింది, ప్రింటర్‌కి కొత్త అడ్రస్ వచ్చి నాలుగు కంప్యూటర్లూ పాత అడ్రస్‌లో వెతుకుతున్నాయి. అడ్రస్‌ని ప్రింటర్ లోపలే, రౌటర్ పంచే వరసకి బయట పెట్టి ఉండాల్సింది.

రిసెప్షన్ అమ్మాయి ఫోన్ చేసింది. "సార్, నా దగ్గర్నుంచి కూడా రావట్లేదండి ఈసారి. నిన్న రౌటర్ మార్చారండి. ప్రింటర్ బటన్ నొక్కి పట్టుకుని సెట్టింగుల కాగితం తీశాను, అందులో అడ్రస్ చివర 14 ఉంది, మీరు అంటించిన చీటీలో 50 ఉందండి." ఏం మార్చాలో ఫోన్‌లోనే చెప్పాను. ప్రింటర్ ప్యానెల్లో అడ్రస్‌ని చేత్తో 50కి మార్చింది. డాక్టరమ్మ గారి గది నుంచి కాగితం వచ్చిన చప్పుడు ఫోన్‌లో నాకూ వినపడింది.